ఉచితవిద్యకు వెల యెవ్వరిచ్చుచున్నారు?

మన తెలుఁగువారికి రెండు ధర్మవాక్యములు కంఠస్థములు. అన్ని దానములలో విద్యాదానము మిన్న యనునది మొదటిది. విద్య నమ్ముకొనుట పాపమనునది రెండవది. ఈ రెండింటిని పదుగురిలోఁ బలుకని పెద్దమనుష్యుఁడు లేఁడు. అట్లు పలికిన పెద్దమనుష్యుఁడే మఱునాఁడు కొడుకును ప్రవేశపరీక్షల శిక్షణాలయమునఁ జేర్చుటకై లక్షలు పోసి రసీదు తెచ్చుకొనును. చేతిలోని ఫోనునకు గడువు తీఱకమునుపే డేటా వేయించుకొనును. ఇంటిల్లిపాదికిని సినిమాలు చూపుటకై రెండు మూఁడు ఓటీటీలకు చందా కట్టును. వీనిలో నెచ్చటను ఆతనికి ధర్మవాక్యము లడ్డురావు. కాని యెవఁడో యొక యుపాధ్యాయుఁడు గణితపాఠములను చక్కని తెలుఁగులోఁ జెప్పి యంతర్జాలమునఁ బెట్టి, "అయ్యా, ఏఁటికి రెండువందల రూపాయ లిండు" అని యడిగెనా, లేక నలువురు కూడి యొక సాహిత్యపత్రిక నచ్చట నడపుచు "చందా పంపుఁడు" అని విన్నవించుకొనిరా, వెంటనే ఆ రెండు వాక్యములును జ్ఞప్తికి వచ్చును. "విద్య నమ్ముకొందురా? ఎంతటి కాలము దాపురించినది!" అని ముక్కున వ్రేలు వేసికొని, ఆ పాఠమునే దొంగిలించి పెట్టినవాఁ డెచ్చట నున్నాఁడా యని వెదకఁబోవును.

ఈ వైఖరి ధర్మము కాదనియు, లోభము ధర్మమను ముసుఁగు వేసికొన్నదనియు నేను చెప్పఁబూనుచున్నాను. నా వాదమును ముందుగనే మూఁడు మాటలలోఁ జెప్పెదను. ఊరక వచ్చెడి చదువు లోకమున నెన్నఁడును లేదు. ఎవఁడో యొకఁడు దానికి వెల యిచ్చుచునే యుండెను. వెల యిచ్చినవాని యిష్టమును బట్టియే చదువు నడచును. కావున చదువు మనదిగా నుండవలెనన్నచో దాని వెలలో మన భాగమును మనము చెల్లింపవలెను. ఇట్లనుటవలన చదువునకు తాళమువేసి యమ్ముకొనువారి పక్షమున నేను వకాల్తా పుచ్చుకొన్నానని యెవ్వరును తలంపవలదు. వారి సంగతియు నీ వ్యాసముననే విచారింతును.

మొదట పూర్వాచారమునే చూతము. వీధిబడి పంతులుగారు ఊరకయే చదువు చెప్పిరని మనలోఁ గొందఱి భ్రమ. పిల్లల తండ్రులు ఆయనకు నెల కింతయని రొక్కమిచ్చిరి. రొక్కము లేనివారు గింజలు కొలిచిరి. పండుగనాఁడు స్వయంపాక మిచ్చిరి. దసరా వచ్చినచో పిల్లలు విల్లంబులు చేతఁబట్టి యింటింటను పద్యములు పాడుచు పంతులుగారికి సంభావన ప్రోగుచేసిరి. బడికి పిల్లవానిని బంపని యింటివారు సైతము ఆనాఁడు పంతులుగారి జీతములోఁ గొంత చెల్లించిరన్నమాట. దీనిని విద్యావిక్రయమని యెవ్వరు ననలేదు.

1822వ సంవత్సరమున సర్ తామస్ మన్రో చెన్నరాజధానిలోని బడులను లెక్కింప నాజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరగు క్యాంబెల్ 1823లో తన జిల్లా లెక్కను బంపెను. నేఁటి అనంతపురపుసీమ నాఁడా జిల్లాలోనిదే. ఆ లెక్కప్రకారము జిల్లాలో 533 బడులును, వానియందు 6,641 మంది పిల్లలును గలరు. వానిలో నొక్కదానికిని ప్రభుత్వము సాయము చేయుటలేదని యాతఁడు సిగ్గుపడుచు వ్రాసెను. తల్లిదండ్రు లిచ్చు కొలఁదిపాటి రుసుముమీఁదనే యవి నిలిచియుండెను. ప్రజలు పేదవడినకొలఁది ఆ రుసుము చెల్లింపలేక పిల్లలను బడి మాన్పించుచున్నారనియు, మునుపు బడులుండిన యనేక గ్రామములలో నిప్పుడు లేవనియుఁ గూడ నాతఁడే వ్రాసెను. ఈ లెక్కలోని నీతి యేమి? ఇచ్చువాఁడు పోయినచోట బడియుఁ బోయినది. నిలిచినచోట నిలిచినది పంతులుగారి త్యాగముచేతనే కాదు, ఊరివారి చెల్లింపుచేతఁ గూడను.

"అగ్రహారములలో శిష్యులకు భోజనము పెట్టి చదువు చెప్పలేదా?" యని కొంద ఱడుగవచ్చును. చెప్పిరి. కాని ఆ గురువునకు మాన్యభూమి యుండెను. ఆ భూమికి దాత యుండెను. దానిని దున్నిన రైతునకు చెమట యుండెను. దానమనఁగా వెల లేకపోవుట కాదు. ఒకని వెలను మఱియొకఁడు చెల్లించుట. దాతలేని దాన మెచ్చటనైనఁ గలదా? అంతేకాదు. ఆ దాత యెవ్వరికిఁ జెప్పుమనెనో వారికే ఆ చదువు దక్కెను. స్త్రీలకును, తక్కువకులములని త్రోసివేయఁబడినవారికిని ఆ వాకిలి తెఱవఁబడలేదు. వెల యిచ్చినవాఁడే వాకిలి కావలివాఁడగునని చెప్పుటకు ఇంతకంటె వేఱు సాక్ష్య మక్కఱలేదు.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మటను ఇదే కథ. చార్లెసు ఫిలిప్పు బ్రౌను కడపలో పండితులకు తన సొంతసొమ్ము జీతములుగా నిచ్చి తాటాకుప్రతులను సరిచూపించెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. 1908లో బొంబాయిలో వారపత్రికగాఁ బుట్టి 1914లో చెన్నపట్టణమున దినపత్రికయైన ఆంధ్రపత్రికకును, 1924లోఁ బుట్టిన భారతికిని ఆ మందుసీసాయే పెట్టుబడి. తెలుఁగువాని తలనొప్పి తెలుఁగువాని సాహిత్యమును పోషించెననుట హాస్యము కాదు, చరిత్రము. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి చందాదారులను గూర్చుకొని చరిత్రములను, ప్రకృతిశాస్త్రములను తెలుఁగున వెలువరించెను. ఆనాఁటి పత్రికలను దిరుగవేసినచో "చందా బాకీలు దయచేసి పంపుఁడు" అని సంపాదకులు చేసిన మొఱలు తఱచుగాఁ గానవచ్చును. అనఁగా మన జబ్బు క్రొత్తది కాదు. ఆంధ్రపత్రికయు భారతియు 1991లో నాగిపోయినవి. అందులకుఁ గారణము లనేకము లుండవచ్చును. కాని "భారతి నిలిచిపోయెనే!" యని నేఁడు నిట్టూర్చువా రందఱి యిండ్లకును ఆనాఁడు చందాప్రతి పోవుచుండెనా యని యెవరికివారు గుండెమీఁదఁ జేయివేసికొని చెప్పుకొందురుగాక.

ఇఁక అంతర్జాలము సంగతి. అది వచ్చిన మొదటి రోజులలో లోకమంతయు నిదే భ్రమలోఁ బడెను. తీఁగవెంట వచ్చినదానికి వెల యుండరాదనిరి. 1999లో నాప్‌స్టరు పుట్టఁగానే కోట్లకొలఁది జనులు పాటలను ఊరక పంచుకొనఁజొచ్చిరి. న్యాయస్థానములు కల్పించుకొనఁగా 2001లో నది మూఁతపడెను. పాట నిఁక కొనువాఁడే లేఁడని యందఱు ననుకొనుచుండఁగా 2003లో ఆపిల్ సంస్థవారు ఒక్కొక్క పాటను 99 సెంట్లకు అమ్మకమునకుఁ బెట్టిరి, జనులు కొనిరి. న్యూయార్కు టైమ్సు పత్రికవారు 2005లో తమ వ్యాసములలోఁ గొన్నింటికి రుసుము పెట్టి, అది సాగక 2007లో నెత్తివేసిరి. మరల 2011లో నెలకుఁ గొన్ని యుచితముగాఁ జదువనిచ్చి, తరువాత చందా యడుగు పద్ధతిని దెచ్చిరి. ఈ పత్రిక కిదే మరణశాసనమని ఎందఱో పలికిరి. 2023 నాఁటికి దాని చందాదారులు కోటికి మించిరి. నాలుగేండ్ల వ్యవధిలో మనుష్యస్వభావము మాఱెనా? మాఱలేదు. చెల్లించు మార్గము సులభమయ్యెను. చెల్లింపనిచో మంచిపత్రిక మిగులదను భయము చదువరులకుఁ గలిగెను.

అయినను దీనిని చూచి మురిసిపోవుటకు లేదు. ఇరువది సంపన్నదేశములలో 2024లో విచారింపఁగా అంతర్జాలవార్తలకు ఏదో యొక రూపమున డబ్బు చెల్లించువారు నూటికి 17గురు మాత్రమే యని ఆక్సుఫర్డునందలి రాయిటర్సు అధ్యయనసంస్థ తేల్చెను. నార్వేలో మాత్రము నూటికి 40మంది. నార్వేవారు మనకంటె ధనవంతులు, నిజమే; కాని ఆ పట్టికలోని తక్కిన దేశములును పేదవి కావు. నార్వేలో నూటికి నలువదిమందియు, తక్కిన సంపన్నదేశములలోఁ బెక్కింట అందులో సగమైనను లేకయుఁ జెల్లించుటకు ధనమొక్కటే కారణము కాదు. పత్రికకు చందా కట్టుట ఇంటి ఆచారమైనచోట ఆ యాచారము కాగితమునుండి తెరమీఁదికిఁ గూడ వచ్చినది; ఆచారము లేనిచోట రాలేదు. మనకు లేనిది ధనముకంటె ఆచారమే.

చదువు విషయమున నింకొక వింత గలదు. 2001లో మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థవారు తమ పాఠ్యసామగ్రిని లోకమునకంతకు నుచితముగా నిత్తుమని ప్రకటించిరి. 2011లో స్టాన్‌ఫర్డునుండి కృత్రిమమేధపై నొక పాఠక్రమమును ఉచితముగాఁ బెట్టఁగా లక్షాయఱువదివేలమంది చేరిరి. కడముట్ట నిలిచినవారు ఇరువదివేలకుఁ గొంచెము పైన. ఊరక చేరినవాఁడు ఊరకయే మానును. ఇది మన వీధిబడి పంతులుగారికిఁ దెలిసిన సంగతియే. అటుపిమ్మట కోర్సెరా, ఎడెక్సు మొదలగు సంస్థలు 2012లోఁ బుట్టి, మొదట అన్నియు నుచితమని చాటి, క్రమముగా ప్రమాణపత్రమునకు రుసుము పెట్టినవి. ఎడెక్సువారు 2015లో నుచిత ప్రమాణపత్రములనే యెత్తివేసిరి. మనదేశమున 2003లో నారంభమైన ఎన్‌పీటీఈఎల్ పాఠములు నేఁటికిని చూచువారికి నుచితమే. పరీక్ష వ్రాసి పత్రము పొందఁగోరువారు రుసుము చెల్లింపవలెను.

దీనివలనఁ దేలిన దేమి? మనుష్యులు పాఠమునకు డబ్బీయరు, పత్రమున కిత్తురు. తెలివికి డబ్బీయరు, ఉద్యోగమున కిత్తురు. ప్రవేశపరీక్షయనఁగా నిలువెల్ల దోపిడి యిచ్చెడి తండ్రి, కొడుకు తెలుఁగున నొక మంచి పుస్తకము చదువునని యెవరైన ననఁగానే "అది యెందుకు?" అనును. ఇందు మనకు సిగ్గు కలుగవలసిన సంగతి యేమనఁగా, ఏ చదువునకు జీతముపట్టిక వెంటనుండదో ఆ చదువే మనుష్యుని మనుష్యునిఁగాఁ జేయునది. దానికే మనము వెల కట్టమానితిమి. అట్టి చదువు తెలుఁగుననే యుండవలెను. ఏలనన దానిని మనకై వేఱొక జాతివారు వ్రాసిపెట్టరు.

"మేము పేదలము, ఈయలేము" అనువాదమును బరిశీలింతము. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కొన్నినెలలు డేటాను ఊరకనే యిచ్చెను. ఆ ఊరక యిచ్చుట యెట్టిది? ఎర. ఎర మ్రింగినతరువాత మన మందఱము నెలనెలకు చెల్లింపునకు వచ్చితిమి. నేఁడు కూలిచేసికొనువాఁడు సైతము ఫోనునకు డబ్బు వేయించుకొనక యుండఁడు. అనఁగా త్రోవకు సుంకము కట్టుచున్నాము. ఆ త్రోవను వచ్చు బండిలోని ధాన్యమునకు మాత్రము కానియైన నీయము. గోదావరి డెల్టా రైతు నడుగుఁడు. 1852లో ఆనకట్ట పూర్తియైననాఁటినుండి కాలువనీటికి తీరువ చెల్లింపవలసియే యున్నది. కాలువకట్టకు తీరువ కట్టుదును గాని నీరు మాత్రము రాకపోయినను సరే యను రైతు మనకుఁ గానవచ్చునా? అంతర్జాలమున మనము చేయుచున్న దిదియే. కాలువ మాత్రము నిండుగాఁ బాఱుచున్నది. అందలి నీరు మాత్రము బురద.

ఆ బురద యెక్కడిది? ప్రకటనకర్తల సొమ్ముది. ఉచితముగా మనము చూచెడి దృశ్యమునకు వెల నిచ్చువాఁడు ప్రకటనకర్త. ఆతనికిఁ గావలసినది మన జ్ఞానము కాదు, మన కన్ను. ఎంతసే పాకన్ను తెరమీఁద నిలిచిన నంత లాభము. కావుననే శాస్త్రవిషయమును నెమ్మదిగాఁ జెప్పెడి యుపాధ్యాయునికంటె కోపము పుట్టించువాఁడును, భయపెట్టువాఁడును, లేని రహస్యమున్నదని శీర్షిక పెట్టువాఁడును పదింతలు గడించును. దోషము వారిదే యని వారిని నిందించుట సులభము. కాని మనము వెల యీయనందువలన వెల యిచ్చినవాని రుచికి వారు వండుచున్నారు.

ఈ రుచి యెంతదూరము పోవునో మన కండ్లయెదుటనే జరిగినది. డబ్బు పందెముపెట్టి యాడెడి అంతర్జాలక్రీడలు తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను నిషేధింపఁబడెను. అయినను ఉచిత దృశ్యములు చేయువారిలోఁ బలువురు ఆ పందెపు యాపులను పొగడుచు జనులకుఁ జూపుచుండిరి. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు అట్టివారిపైని, ప్రసిద్ధనటులపైనిఁగూడ కేసులు పెట్టిరి. ఆ యేఁటి ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని ఈ పందెపుటాటలను నిషేధించుచు చట్టము చేసెను. చదువరులారా, విచారింపుఁడు. ఆ దృశ్యములను చూచిన యువకుఁ డొక్క రూపాయియైనఁ జెల్లింపలేదు. ఉచితమే! కాని పందెములో జీతము పోఁగొట్టుకొని, అప్పులపాలై, తల్లి మెడలోని గొలుసు తాకట్టుపెట్టిన యింట నడిగి చూడుఁడు, ఆ యుచితదృశ్యము వెల యెంతయో చెప్పుదురు. సంవత్సరమునకు రెండువందల చందా పెద్దదా, ఇది పెద్దదా?

ఇఁక రెండవ పక్షమువారి సంగతి. విద్యకు వెల యుండవలెనని నేననఁగానే, "చూచితిరా, మేము చేయుచున్నదియు నదియే" యని విద్యావర్తకులు మీసము దువ్వుకొనవలదు. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూఁతపడినప్పుడు తల్లిదండ్రులు గతిలేక తెరచదువును నమ్మిరి. ఆ నమ్మకమును పెట్టుబడిగాఁ జేసికొని యెందఱు గడించిరి! బెంగుళూరునందలి బైజూస్ సంస్థ 2022లో 2,200 కోట్ల డాలర్ల వెలగలదని కొనియాడఁబడెను. ఆ యేఁటి డిసెంబరులోనే, తల్లిదండ్రులపై నొత్తిడి తెచ్చి పాఠములు కట్టఁబెట్టుచున్నారను నారోపణపై జాతీయ బాలలహక్కుల సంఘము ఆ సంస్థయధిపతికి సమను పంపెను. 2024 జూలైలో నా సంస్థ దివాలావ్యవహారమున కీడ్వఁబడెను. మఱియొకచోట, హార్వర్డు, మసాచుసెట్సు విద్యాసంస్థలు తమ ఎడెక్సును 2021లో 80 కోట్ల డాలర్లకు టూయూ యను వర్తకసంస్థ కమ్మివేసెను. ఆ సంస్థయు 2024 జూలైలో అప్పులు తీర్చలేక న్యాయస్థానరక్షణ కోరెను.

ఈ రెండు పతనములను చూచి "జనులు చదువునకు డబ్బీయరని తేలినది" యనువారు తప్పుత్రోవఁ బట్టినవారు. జనులు డబ్బిచ్చిరి, కొందఱు అప్పుచేసి యిచ్చిరి. చెడినది వారి యిచ్చు మనసు కాదు, పుచ్చుకొన్నవారి యాశ. చదువును చదువుగా నమ్మినచో కొలఁదిలాభముతో నిలుచును; బంగారుగనియని పెట్టుబడిదారులకుఁ జూపి నడపినచో గనివలెనే కూలును. బీదతండ్రిని "మీ పిల్లవాఁడు వెనుకఁబడిపోవును సుమా" యని బెదరించి, నెలసరివాయిదాలకు చేవ్రాలు పెట్టించుకొనువాఁడు ఉపాధ్యాయుఁడు కాఁడు. వెల యడుగుట తప్పు కాదు. భయమును జూపి యడుగుట తప్పు. ఒకసారి యిట్లు మోసపోయిన తండ్రి మఱి యెన్నఁడును నిజమైన యుపాధ్యాయునికి సైతము చేయి విప్పఁడు. ఈ వర్తకులు చేసిన మహాపకారమిదియే: వారు తమ వర్తకమునే కాక విద్యపైని విశ్వాసమునుఁ గూడ దివాలా తీయించిరి.

ఈ రెండు పక్షముల నడుమ నలుగుచు, ఒక చిన్న గుంపు తెలుఁగునకు వెలుఁగు పట్టుచున్నది. 1998లో నారంభమైన "ఈమాట" పత్రిక చందాయడుగక నడచుచున్నది. 2003 డిసెంబరులోఁ బుట్టిన తెలుఁగు వికీపీడియాలో వ్రాయువా రందఱు కూలిలేనివారే. "ఆంధ్రభారతి" వారు నిఘంటువు లన్నింటిని నొక్కచోటఁ జేర్చి పెట్టఁగా, పండితుఁడు మొదలు పాఠశాలబాలునివఱకు నందఱు దానిని వెదకికొనుచున్నారు. వీరికి మనము చేసిన ప్రతిఫల మేమి? మహా యయిన "చాల బాగున్నది, కొనసాగింపుఁడు" అను నొక్క వాక్యము. ఆ వాక్యమునకు కాగితముఖర్చుకూడ లేదు! పగలు బ్రతుకుతెరువు చూచికొని, రాత్రి నిద్రమాని యీ పని చేయువారి కన్నులు మసకలువాఱిననాఁడు, చేతులు వణఁకిననాఁడు ఈ దీపమునకు చమురు పోయువాఁ డెవఁడు? యంత్రశాలకు అద్దె చెల్లింపనిచో పేజీలన్నియు నొక్కరాత్రిలో మాయమగును. తాటాకైన చెదలు తినుటకు నూఱేండ్లు పట్టును. వీని కొక్క గడువు తప్పిన చాలును. ఆ యదృశ్యమైన గ్రంథాలయమునకు శిథిలములు సైతము మిగులవు.

"తెలుఁగున డబ్బిచ్చి చదువఁదగినది లేదు గదా!" యనువారును గలరు. కొంతవఱకు నిజమే. కాని విత్తునకు ముందే పంట నడుగుట యే వ్యవసాయము? చందా లేనందున మంచివ్రాఁత లేదు. మంచివ్రాఁత లేనందున చందా లేదు. ఈ చక్రమున నెక్కడనో యొకచోట నొకఁడు చేయిపెట్టి త్రిప్పవలెను. వ్రాయువాఁడు ఇప్పటికే తన నిద్రను పెట్టెను. ఇఁక చేయిపెట్టవలసినవాఁడు చదువువాఁడే.

అట్లని పేదవాని ముందఱ తలుపు మూయవలెనని నేననుటలేదు. ఈ యాక్షేపణము తక్కినవానివలెఁ ద్రోసిపుచ్చఁదగినది కాదు. మూఁడుపూటల తినలేని యింటి పిల్లకు పాఠము దక్కని పద్ధతి యేదైనను నీచమైనదే. కాని పేదవానిపేరు చెప్పి ధనికుఁడు ఎగవేయుట అంతకంటె నీచము. లండనునందలి గార్డియను పత్రిక తలుపు మూయలేదు. చదువునది అందఱును చదువవచ్చును, ఈయఁగలవా రిండని 2016 మొదలుకొని యడుగుచున్నది. ఆ యిచ్చువారిచేతనే తక్కినవారికిని పత్రిక దక్కుచున్నది. మన దసరాసంభావన పద్ధతి యిదియే కాదా? ఇచ్చినవాని కొడుకునకును, ఈయలేనివాని కొడుకునకును పంతులుగా రొక్కయిసుకలోనే అక్షరములు దిద్దించెను.

కావున నేను చేయు సూచనలు మూఁడు.

మొదటిది చదువరికి. సంపాదనగల ప్రతి తెలుఁగు గృహస్థుఁడును, తన యింటిఖర్చులలో పాలు, బియ్యము, డేటా యను పద్దుల సరసనే "తెలుఁగుచదువు" అని యొక పద్దు వ్రాసికొనవలెను. నెలకు రెండు కాఫీల వెల చాలును. పూర్వము మనియార్డరు వ్రాయవలెను, టపాకచేరికిఁ బోవలెను అను సాకు లుండెను. 2016లో యూపీఐ వచ్చినతరువాత కూరగాయలబండివానికి పదిరూపాయలు వ్రేలికొనతోఁ బంపుచున్నాము. ఇఁక సాకు మిగులలేదు. విదేశములలో నున్న తెలుఁగువారికి మఱియుఁ జెప్పవలయునా? పిల్లలకు తెలుఁగు రావలెనని కోరికగలవారు ఆ తెలుఁగు నెవ్వరు వ్రాయుచున్నారో, వా రేమి తినుచున్నారో యొకసారి విచారింతురుగాక.

రెండవది వ్రాయువారికిని, బోధించువారికిని. వెల యడుగుటకు సిగ్గుపడవలదు. కాని లెక్క చూపుటకును సిగ్గుపడవలదు. ఎంతవచ్చె, ఎంతపోయె నని యేఁటేఁట ప్రకటింపుఁడు. చందా స్వల్పముగా నుంచుఁడు. చందాదారునికి ముందుగాఁ జూపినదానిని ఒక యేఁడు కడచినతరువాత అందఱికిని తెఱచి యుంచుఁడు. పంటను మొదట నారు పోసినవానికిఁ బెట్టి, తరువాత ఊరికంతకును బంచుట మన ధర్మమునకుఁ దగినదే.

మూఁడవది ప్రభుత్వములకు. ఇది వారు క్రొత్తగా నీయవలసిన ధర్మము కాదు. మన మిప్పటికే చెల్లించినదానికి లెక్క యడుగుటయే. 1960నాఁటి గ్రంథాలయచట్టము ననుసరించి మనము కట్టెడి యింటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయముల కొఱకు సెస్సుగా వసూలగుచున్నది. చదువునకు వెల యీయనని శపథము చేసినవాఁడు సైతము దీనిని చెల్లించుచునే యున్నాఁడు, తెలియక! అట్లు వసూలైన సొమ్మును స్థానికసంస్థలు జిల్లా గ్రంథాలయసంస్థలకు సకాలమున జమచేయుటలేదను మొఱ యేండ్ల తరబడి వినవచ్చుచున్నది. ఆ సొమ్ము రావలెను. వచ్చినదానిలో నొకభాగముతో గ్రంథాలయములు అంతర్జాలమునందలి తెలుఁగుపత్రికలకు, గ్రంథములకు, పాఠములకు చందా కట్టి, సభ్యత్వపుచీటిగల ప్రతి కూలివాని బిడ్డకును ఊరక చదువ నీయవలెను. ఇది కలలోనిమాట కాదు. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము "ఒక దేశము, ఒక చందా" యను పేర మూఁడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, ముప్పదిమంది అంతర్జాతీయ ప్రచురణకర్తల పదమూఁడువేల పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలలోని సుమారు 1 కోటి 80 లక్షల విద్యార్థులకు అందుబాటు చేయ నిశ్చయించెను. మంచిపనియే. ఆంగ్లమున వ్రాసినవానికి ప్రభుత్వము చందా కట్టఁగల్గినపుడు, తెలుఁగున వ్రాసినవానికి మన రెండు రాష్ట్రములును గలిసి అందులో సహస్రాంశమైనఁ గట్టలేవా? తెలుఁగుపండుగలకు వేదికలు కట్టించి, శాలువలు కప్పి, మఱునాఁడు మఱచిపోవుటకంటె నిది తక్కువఖర్చు.

వంద పాఠములు ఉచితముగా దొరకినవని సంతసించువానిని నేనొక్క ప్రశ్న యడిగెదను. నీ కొడుకు రేపు తెలుఁగున నేమి చదువునో నిర్ణయించువాఁ డెవఁడు కావలెను? పందెపుయాపువాఁడా, వాయిదాలు వసూలుచేయు వర్తకుఁడా, నీవా? మొదటి యిద్దఱును తమ వాటా చెల్లించి కూర్చుండియే యున్నారు. నీ పీఁట యొక్కటియే ఖాళీగా నున్నది. దాని వెల సంవత్సరమునకు రెండువందల రూపాయలు.